నిత్యము కనుపించు పిట్టలు

మన యిండ్లలో ఛాయాచిత్రములకు కొదువ లేదు. పెట్టె తెరచినచో పెండ్లి పటములు, ఒడుగు పటములు, బారసాల పటములు, గుడి గోపురముల యెదుట నిలువబడి తీయించుకొన్న పటములు కట్టలు కట్టలుగా దొరకును. ఇప్పుడు సెల్‌ఫోను ప్రతి చేతిలోనికి వచ్చినది గనుక, ఒక్క పండుగనాడు తీయు చిత్రములే మన తాతల కాలమున ఒక జీవితమంతటను తీయించుకొన్న వానికంటె హెచ్చు. అయినను ఆ యింటి చూరున ఏండ్ల తరబడి కాపురముండిన పిచ్చుక పటము ఏ పెట్టెలోను ఉండదు. పెరటి జామచెట్టుపై ప్రతిదినము కాయ కొరికిన చిలుక పటము ఉండదు. అవి నిత్యము మన కంటి యెదుట నుండునవి. నిత్యము ఉండుదానిని పటములో నిలుపుట యెందులకని మన తలంపు. ఈ తలంపు సరియైనది కాదని మాకు తోచినది. ఎందువలన తోచినదో సోదరీమణులకు మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పుట్టినిల్లు ఆళ్లగడ్డ, మెట్టినిల్లు నంద్యాల. మావారు ఉపాధ్యాయులు. మాకు చదువు ఇంటనే సాగినది. మా తండ్రిగారు భారత భాగవతములను, శ్రీనాథుని నైషధమును, కాళిదాసుని కావ్యములను వసారాలో కూర్చుండబెట్టుకొని చెప్పిరి. అందుచేత హంస యననేమో, చక్రవాక మననేమో, చాతక మననేమో చిన్ననాడే వింటిమి. పెరటిలో తోక యాడించుచు గంతులిడు పిట్ట పేరు మాత్రము ఏ కావ్యములోను రాలేదు. దాని పేరు తెలిసికొనుటకు మాకు కెమెరా కావలసివచ్చినది.

ఆ కెమెరా మా యింటికి వచ్చుటకు కారణము రామాయణము. ఆరేండ్ల క్రిందట ఒకనాటి సాయంకాలము మా అమ్మాయికి జటాయువు రావణు నెదిరించు ఘట్టము చెప్పుచుంటిమి. పిల్ల కన్నులు విప్పార్చి వినుచు, "అమ్మా, జటాయువంటే రాబందు కదా, రాబందు ఎట్లుంటుంది?" అని యడిగినది. మేము రాబందును చూచిన గుర్తు లేదు. ప్రక్కనే వత్తులు చేసికొనుచున్న మా అత్తగారు నవ్వి, "ఎట్లుంటుందంటావేమే! మా చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చచ్చిపడితే చాలు, ఆకాశంలో చుక్కల మాదిరి కనిపించేవి. చూస్తాండంగానే ముప్పై నలభై దిగేవి. మెడ మీద ఈక ఉండదు. రెక్క విప్పితే మన వాకిలంత. పొద్దు తిరిగేసరికి ఎముకలు తప్ప ఏమీ మిగిలేది కాదు" అనిరి. పిల్ల అంతటితో ఊరకుండక పటము చూపుమన్నది. ఇంటిలోని పటములన్నియు దింపి చూచితిమి. అత్తగారి పుట్టింటివారిని అడిగితిమి. ఆళ్లగడ్డలో మా అన్నగారిని అడిగితిమి. ఎవరి యింటను రాబందు పటము లేదు. అశుభపు పక్షియని, చచ్చినదానిని తినుననియు దానివైపు చూచుటకే ఒల్లనివారు పటమేల తీయింతురు? అదియునుగాక, అంత విస్తారముగా నున్న పక్షి యెక్కడికి పోవునని అందరి ధీమా.

అది పోయినది. తెల్లవీపు రాబందులు మన దేశమున 1992 నుండి 2007 లోపల నూటికి 99 పాళ్ళకు పైగా నశించినవి. పశువులకు నొప్పి తగ్గుటకై వాడు డైక్లోఫినాక్ అను మందే దీనికి కారణమని 2004లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ మందు వాడిన పశువు చచ్చినపుడు దాని మాంసమును తిన్న రాబందు మూత్రపిండములు చెడి కొలది దినములలో మరణించును. 2006లో మన ప్రభుత్వము పశువైద్యమునకు ఆ మందును నిషేధించినది. అప్పటికే చాల వరకు జరుగవలసిన నష్టము జరిగిపోయినది. ఎవరును వేటాడలేదు, ఎవరును పగ పూనలేదు. కుంటుచున్న యెద్దుకు జాలితో వేసిన సూది, కోట్లకొలది పక్షులను తీసికొనిపోయినది. ఒక తరము వారికి కాకివలె సామాన్యమైనది తరువాతి తరము వారికి జటాయువువలె పురాణపు మాట యైనది.

ఇది మా మనసున నాటుకొన్నది. ఆ యేడు దసరా సెలవులలో మావారు మమ్ము, పిల్లను వెంటబెట్టుకొని రోళ్లపాడు తీసికొనిపోయిరి. నందికొట్కూరు ప్రాంతమున నున్న ఈ పచ్చికబయలు, 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో నంద్యాల వేరు జిల్లా యైనది మొదలు, మన జిల్లాలోనిదే. బట్టమేక పిట్ట రక్షణకై 1988లో దీనిని అభయారణ్యముగా ప్రకటించిరి. విస్తీర్ణము 6 చదరపు కిలోమీటర్లకు కొంచెము హెచ్చు. అరణ్యమనిన పెద్ద చెట్లు, గుహలు ఉండునని తలంచి పోవువారికి ఆశాభంగమే. అచట నున్నది గడ్డి. గాలికి నీటి అలలవలె వంగి లేచు గడ్డి, నడుమ నడుమ రేగుపొదలు, పైన ఆకాశము, అంతే.

ఆ గడ్డిని ఆశ్రయించి బ్రతికెడి పక్షి బట్టమేక. నిలుచున్నచో రమారమి మీటరు ఎత్తు. మగపక్షి 15 కిలోల వరకు తూగును. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైన వానిలో ఇది యొకటి. ఏటికి సాధారణముగ ఒకే గ్రుడ్డు, అదియు వట్టి నేలమీద. 1980ల దశకమున బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పరిశోధకులు ఈ రోళ్లపాడున నిలిచి దీని జీవితమును పరిశీలించిరి. దేశమంతటను కలిపి 1969లో ఇవి 1,260 ఉండునని అంచనా వేసిరి. నేడు స్వేచ్ఛగా తిరుగునవి నూట యేబదిలోపే యనియు, వానిలో చాల భాగము రాజస్థానపు జైసల్మేరు ప్రాంతమున నున్నవనియు చెప్పుచున్నారు. చుట్టుపట్ల గడ్డినేలలు పొలములైనవి. కుక్కలు పెరిగినవి. విద్యుత్తు తీగలు వచ్చినవి. చట్టమునకు గడ్డినేల "బంజరు"గానే కనుపించినది గాని, ఒక పక్షికి అది ఇల్లనుట ఎవరికిని స్ఫురింపలేదు.

మాకు ఆనాడు కృష్ణజింకలు కనుపించినవి. మంద ఒకటి గడ్డిలో నిలిచి, మా అడుగు చప్పుడునకు ఒక్కసారి తలలెత్తి చూచినది. మగజింక నల్లని వీపు, మెలివడిన కొమ్ములు, తెల్లని కంటివలయములు చూచినంతనే మాకు శాకుంతలమున కణ్వాశ్రమపు లేళ్ళు జ్ఞప్తికి వచ్చినవి. ఆ జింకయే ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. బట్టమేక మాత్రము కనుపింపలేదు. దానిని ఇటీవల చూచితిమని చెప్పినవారును మాకు తారసపడలేదు. అచటి ముసలి గొఱ్ఱెల కాపరి యొకడు, "మా నాయన దినాల్లో ఇవి గొఱ్ఱెల పక్కనే మేసేవి, పట్టించుకునేవాళ్ళమే కాదు" అని చెప్పెను. ఆ మాట వినినపుడు మా అత్తగారి మాటయే మరల వినినట్లయినది.

తిరిగివచ్చునపుడు మావారితో, "మనము చూడని బట్టమేకకై వెదకుట కంటె, ఇప్పుడు చూచుచున్న పిట్టలను పటములలో నిలుపుట మేలు గదా" యంటిమి. ఆయన మూడు నెలలు ఆలోచించి, సంక్రాంతికి వాడిన కెమెరా నొకదానిని, దూరపు వస్తువును దగ్గరగా చూపు పొడవైన లెన్సుతో సహా, తక్కువ ధరకు కొనితెచ్చిరి. ఆ యేడు మాకు పట్టుచీర లేదు. ఆ సంగతి మా అత్తగారు ఇప్పటికిని చుట్టములతో చెప్పుచుందురు. చెప్పుచునే, తులసికోట మీద కొత్తపిట్ట వాలినచో మమ్ము మొదట కేకవేయునదియు ఆమెయే.

పక్షుల చిత్రములు తీయుటకు అడవులు పట్టి తిరుగవలెనని, మగవారికే అది సాధ్యమని మనలో చాలమంది తలంతురు. మా అనుభవము దీనికి విరుద్ధము. పక్షికి కొత్త మనిషిని చూచిన భయము, నిత్యము చూచు మనిషి యనిన భయము తక్కువ. బియ్యము కడిగిన నీళ్ళు చెట్టు మొదట పోయు ఇల్లాలిని, వడియములు ఎండబెట్టు ఇల్లాలిని పిట్టలు ఎరుగును. మనము పనిచేయుచున్నంతసేపు అవి తమ పని తాము చేసికొనును. వంటయింటి కిటికీకి పాత చీర కట్టి, నడుమ లెన్సు పట్టునంత సందు విడిచినచో, అంతకంటె మంచి మాటు వేరొకటి లేదు. ఎదుట మట్టిమూకుడులో నీరు పెట్టినచో వేసవి మధ్యాహ్నమున పికిలిపిట్ట, గోరువంక, పిచ్చుక, గువ్వ వరుసగా వచ్చును. మేము మొదటి యేడు ఇల్లు కదలకయే ఇరువది మూడు జాతుల పక్షులను, ఉడుతను, తొండను, ఒకనాడు ముంగిసను చిత్రములలో పట్టితిమి. తోక యాడించు పిట్ట పేరు జిట్టంగి యని, చిత్రమును పుస్తకముతో సరిచూచి మావారు చెప్పిరి.

క్రొత్తగా మొదలిడు సోదరీమణులకు కొన్ని సూచనలు. సూర్యోదయము మొదలు రెండు గంటలు, అస్తమయమునకు ముందు రెండు గంటలు వెలుగు మెత్తగా నుండును. మిట్టమధ్యాహ్నపు వెలుగున పిట్ట కన్ను నీడలో పడును. కన్ను తేటగా రాని చిత్రము తక్కినదంతయు బాగున్నను నిర్జీవముగా తోచును. నేలమీది పిట్టను నిలుచుండి తీసినచో దాని వీపు మాత్రమే వచ్చును. కూర్చుండి, వలసినచో బోరగిలబడి, కెమెరాను దాని కంటి యెత్తునకు దింపవలెను. ఎగురుచున్న పిట్టకు సెకండులో వెయ్యవ వంతు వేగమైనను ఉంచవలెను. నల్లని పొలములో నిలిచిన తెల్లకొంగను కెమెరాకే విడిచినచో ఈకలన్నియు సున్నపు ముద్దవలె కలిసిపోవును. వెలుగును కొంత తగ్గించినచో ఒక్కొక్క యీకయు వేరుగా తెలియును. కాకికి, ఏట్రింతకు దీనికి వ్యతిరేకము, వెలుగు పెంచవలెను. పాలపిట్ట తీగమీద కూర్చున్నంతసేపు మట్టిరంగుగా నుండును. దాని నీలమంతయు రెక్క విప్పినపుడే. అది ఎగురుటకు ముందు కొంచెము ముందునకు వంగును. ఆ వంగుటను కనిపెట్టి మీట నొక్కినవారికి ఆ నీలము దక్కును. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని దానిని పంజరమున బంధించి ఇంటింటికి త్రిప్పి డబ్బులడుగుట కొన్నియెడల ఉన్నది. స్వేచ్ఛగా ఎగురుచున్న దాని చిత్రము మీ ఇంటనుండినచో ఆ బందీని చూడవలసిన పనిలేదు.

ఈ విద్యకు పూర్వులు లేకపోలేదు. ఇంగ్లండులో రిచర్డు కేర్టన్, చెర్రీ కేర్టన్ అను సోదరులు 1892లో ఒక పాటపిట్ట గూటిని గ్రుడ్లతో చిత్రము తీసిరి. 1895లో వారి పక్షిగూళ్ళ గ్రంథము ఛాయాచిత్రములతోనే వెలువడినది. పిట్టలు బెదరకుండుటకై వారు బోలుగా చేసిన ఎద్దు బొమ్మలో దాగి చిత్రములు తీయుచుండిరట. మన దక్షిణదేశమున మదరాసు వాస్తవ్యులగు మా. కృష్ణన్ గారు (1912–1996) ఇందు ఘనులు. తొలి ప్రాయమున ఆయన మన సీమకు ప్రక్కనున్న సండూరు సంస్థానమున కొలువు చేసిరి. వేర్వేరు కెమెరాల భాగములను కూర్చి తమకు వలసిన కెమెరాను తామే అమర్చుకొని, నలుపు తెలుపు చిత్రములే తీసిరి. కలకత్తా స్టేట్స్‌మన్ పత్రికలో 1950 మొదలు 1996 వరకు వ్రాసిన వారి వ్యాసములలో ఏనుగులకు ఎంత చోటున్నదో కాకులకు, ఉడుతలకును అంత చోటున్నది. వారికి సామాన్యమైన ప్రాణి అనునది లేదు.

ఈ ఛాయాచిత్రముల వలన ప్రయోజనమేమని అడుగువారుందురు. వారికి చెప్పుటకు మా యొద్ద ఒక సంగతి యున్నది.

రెండేండ్ల క్రిందట వేసవి సెలవులకు ఆళ్లగడ్డ పోయితిమి. ఊరి వెలుపల మా అన్నగారి నల్లరేగడి చేను శనగపంట తీసిన తరువాత బీడుగా నున్నది. మే నెల మొదటి వారమున ఉదయము అచటికి పోగా, తీతువు పిట్ట జంట యొకటి మా తలలమీద ఎగురుచు గోల చేసినది. ఆ గోల దేనికో మాకు తెలియును గనుక, వెనుకకు నడచి కాలువగట్టు మీది తుమ్మచెట్టు క్రింద కూర్చుంటిమి. అరగంటకు ఆడుదియో మగదియో ఒకటి నడచివచ్చి, చేని నడుమ నొకచోట ఒదిగి కూర్చున్నది. అచట గూడు లేదు. చిన్న పల్లము, చుట్టును గులకరాళ్ళు, నడుమ నాలుగు గ్రుడ్లు. మట్టిరంగున నల్లని మచ్చలు. లెన్సులో చూచిననే గాని గ్రుడ్డేదో మట్టిగడ్డ యేదో తెలియదు.

ఎండ ముదిరినకొలది మేము ఒక వింత చూచితిమి. ఒక పక్షి గ్రుడ్లమీద నుండగా రెండవది కాలువకు పోయి నీటిలో పొట్ట ఆనించి, ఈకలు తడుపుకొని, బొట్లు కారుచుండగనే వచ్చి మొదటిదాని చోట కూర్చున్నది. ఆ తడితో గ్రుడ్లు చల్లబడును. మొదటిది లేచి తాను కాలువకు పోయినది. ఆళ్లగడ్డ మే నెల ఎండ ఎట్టిదో ఎరిగినవారికి ఇది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. ఆలుమగలు వంతులు వేసికొని పిల్లలను కాపాడుకొను ఈ తీరును మేము నలువది అడుగుల దూరము నుండియే చిత్రించితిమి.

ఆ రాత్రి వాన పడినది. దుక్కికి పదును కుదిరినదని తెల్లవారి ట్రాక్టరు వచ్చుననిరి. చేను గుత్తకు చేయు పెద్దాయన మమ్ము చిన్ననాటి నుండి ఎరిగినవాడు. ఆయన కొమారుడే ట్రాక్టరు తోలును. తెల్లవారుజామున గట్టుమీదనే వారిని కలిసికొని, "చిన్నాయనా, చేని నడుమ తీతువు గ్రుడ్లున్నాయి" అంటిమి.

పెద్దాయన ముఖము ముడిచి, "ఆ పిట్ట కూత మంచిది గాదు తల్లీ. రాత్రిపూట ఊరి మీద కూస్తే చావు కబురొస్తదంటారు. పోనీలే, పోతే పోయినాయి" అనెను.

మేము వాదింపలేదు. కెమెరా వెనుక భాగమున క్రిందటి దినపు చిత్రములను ఒకటొకటిగా చూపితిమి. పొట్ట క్రింద ఈకలు అంటుకొని, నీటిబొట్లు వ్రేలాడుచుండగా గ్రుడ్లమీదికి వచ్చుచున్న పక్షి చిత్రము వద్ద ఆయన ఆగెను. "ఇదేంది, తడిసిపోయిందే?" అని అడిగెను. సంగతి చెప్పితిమి. ఆయన చాలసేపు ఆ చిత్రమునే చూచెను. కొమారుడును వంగి చూచి, "అబ్బా, నీళ్లు మోసుకోనొస్తాందా అక్కా ఇది!" అనెను.

"ఎన్నేండ్లు ఈ చేన్లోనే ఉన్యాను. ఇది చూడలేదు తల్లీ" అని పెద్దాయన నెమ్మదిగా అనెను. పిమ్మట కొమారునితో, "రేయ్, ఆ నడుమ మంచమంత జాగా వదిలిపెట్టు. ఆ నాలుగు సాళ్ళతో మనమేం మేడలు కట్టేది లేదు" అని చెప్పి, తానే పోయి నాలుగు మూలల నాలుగు కంపలు పాతి వచ్చెను. ట్రాక్టరు ఆ చోటును తప్పించుకొని తిరిగినది. దున్నినంతసేపు పక్షులు ఆకాశమున అరచుచునే యుండినవి. మా గుండెలు పీచుపీచుమనుచుండెను. యంత్రము గట్టెక్కిన కాలుగంటకు ఒకటి దిగి, నడచివచ్చి, మంచమంత బీడులో మరల కూర్చున్నది.

ఈ గ్రుడ్లు పిల్లలగుటకు రమారమి నాలుగు వారములు పట్టును. ఆ నెల చివర పెద్దాయన కొమారుడు ఫోను చేసి, మూడు పిల్లలు బయటపడినవనియు, ఒక గ్రుడ్డు అట్లే నిలిచిపోయినదనియు చెప్పెను. తీతువు పిల్లలు పుట్టిన దినముననే నడచి తల్లి వెంట పోవును గనుక, మేము పోవునప్పటికి పల్లమున పెంకు ముక్కలు మాత్రమే యున్నవి. పిల్లల చిత్రము మాకు దొరకలేదు. దానికి విచారము లేదు. ఆ కూత చావు కబురని తలచిన చెవులకు అది బిడ్డల తల్లి కేకయని తెలిసినది. మేము వేయిమాటలు చెప్పినను ఈ పని కాకపోయియుండును. పటము చేసినది.

ఇంత మేలు చేయు కెమెరాయే కీడును చేయగలదు. ఈ సంగతి మరువరాదు. గూటిచుట్టునున్న ఆకులను చిత్రము కొరకు త్రుంచినచో ఎండ పిల్లలను మాడ్చును, కాకి కంట గూడు పడును. పిట్ట యెగురుచున్న చిత్రము కావలెనని రాయి విసరువారున్నారు. రాత్రిపూట గుడ్లగూబ కన్నులలోనికి తళుక్కున వెలుగు కొట్టువారున్నారు. ఒక చుట్టము మా పెరటిలో తేనెపిట్ట గూటిని చూచి, కొమ్మను క్రిందికి వంచి పట్టుకొనెదను తీయుడనెను. మేము వలదంటిమి. గూడు వ్రేలాడు కొమ్మను అది కట్టునపుడే ఎంచుకొన్నది, మన సౌకర్యమునకు మార్చు అధికారము మనకు లేదు. తల్లిపక్షి గూటికి రాక దూరమున తచ్చాడుచున్నచో మనము మిక్కిలి దగ్గరనున్నామని అర్థము. వెంటనే లేచి రావలెను.

సెల్‌ఫోనుతో తీసిన చిత్రములో, మనము నిలుపుచేయనిచో, తీసిన చోటు గుర్తు దాగియుండును. నక్షత్ర తాబేళ్ళను పట్టి అమ్ముకొనువారికి ఆ గుర్తు చాలును. కావున అరుదైన ప్రాణి చిత్రమును నలుగురికి పంపునపుడు చోటు చెప్పకుండుటయే మేలు. అభయారణ్యములలో చిత్రములు తీయుటకు 1972వ సంవత్సరపు వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము అటవీశాఖవారి అనుమతి పొందవలెను. నంద్యాలకు తూర్పున నల్లమలలో గిద్దలూరు త్రోవన నున్న గుండ్ల బ్రహ్మేశ్వరము అభయారణ్యమునకును ఇదే నియమము. నైషధమున నలుడు హంసను పట్టుకొనెను, దాని మొర విని విడిచిపెట్టెను. విడిచిపెట్టుట వలననే ఆ హంస అతనికి మేలు చేసినది. చిత్రమునకును ఇదియే ధర్మమని మా నమ్మకము. పట్టుకొన్నట్లుండవలెను, పట్టుకొనరాదు.

ఇప్పుడు మా యింట చిత్రములు అట్టపుస్తకములుగా నాలుగైనవి. ప్రతి చిత్రము క్రింద పక్షి పేరు, తేదీ, చోటు, వేళ వ్రాయుదుము. అందముగా వచ్చినవే కాదు, గుర్తింపదగినవన్నియు ఉంచుదుము. మావారు వానిలో ముప్పదింటిని పెద్దవిగా అచ్చువేయించి బడిలో వరుసగా కట్టించిరి. ఒకనాడు ఉండేలు చేతబట్టి తిరుగు పిల్లవాడొకడు వాని ముందు నిలిచి, "సార్, ఇవి ఏ దేశం పిట్టలు?" అని అడిగెనట. "మన బడి వెనుక తుమ్మచెట్టు పిట్టలేరా" అని మావారు చెప్పగా నమ్మక, తరగతి నంతటిని వెంటబెట్టుకొని పోయి చూచివచ్చెనట. ఉండేలు మానెనో లేదో మాకు తెలియదు. చూచుట మాత్రము మొదలిడెను.

ప్రతి సంవత్సరము ఫిబ్రవరి నెల నడుమ నాలుగు దినములపాటు లోకమంతటను జనులు తమ పెరటి పక్షులను లెక్కపెట్టి నమోదు చేయుదురు. పదునైదు నిమిషములు చాలును, ఇల్లు కదలనక్కరలేదు. మేమును అత్తగారును పిల్లయు కలిసి ఇది మూడేండ్లుగా చేయుచున్నాము. మొదటి యేడు పదునెనిమిది పిచ్చుకలు, రెండవ యేడు పదునొకండు, కడపటి యేడు పదునాలుగు. ఈ అంకెలలో ఏమున్నదని తోచవచ్చును. రాబందులను మన పెద్దలు ఇట్లు ఏటేట లెక్కపెట్టియుండినచో, అవి తగ్గుచున్నవని ఎముకల కుప్పలు చెప్పకమునుపే ఎవరో ఒకరు కనిపెట్టియుందురు గదా.

సోదరీమణులారా, పొడవైన లెన్సు లేనిచో సెల్‌ఫోను చాలును. అడవి లేనిచో పెరడు చాలును, పెరడు లేనిచో మేడపై నీళ్ళతొట్టి చాలును. ఈ నెలలోనే మీ యింటికి నిత్యము వచ్చు పిట్ట నొకదానిని ఎన్నుకొనుడు. అరుదైనదానిని వెదకకుడు. మీకు చూచి చూచి విసుగెత్తిన పిట్టయే మంచిది. మొదటి చిత్రము మసకగా వచ్చినను పారవేయక, క్రింద పేరు, తేదీ వ్రాసి, పిల్లలకందు చోట ఉంచుడు. రాబోవు కాలమున ఏ మనుమరాలో దానిని చూపి, "ఇది ఎట్లుంటుంది?" అని అడుగక, "ఇది మన కిటికీలోకి వచ్చేదే గదా!" అనునట్లు భగవంతుడు అనుగ్రహించుగాక.